బొమ్మ లారీలు: నిర్మాణమును, జీర్ణోద్ధరణమును

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ప్రసంగ పాఠము)



తీరిక వేళలయందు తపాలాబిళ్ళలు కూర్చువారిని, పాత నాణెములు కూర్చువారిని ఎరుగని గ్రామము లేదు. లారీని చూచి, కొలిచి, దానిని మూరెడు పొడవులోనో జానెడు పొడవులోనో ఉన్నదున్నట్లు నిర్మించు వ్యాసంగమొకటి గలదని విన్నవారు మాత్రము ఈ ప్రాంతమున అరుదు. ఇంగ్లండు, అమెరికా, జపాను మొదలగు దేశములందు చేతిపని తెలిసిన పెద్దవారెందరో తమ సాయంకాలములను దీనికై వెచ్చించుచుందురు. కొందరు క్రొత్త నమూనాలు కట్టుదురు. కొందరు పాతబడి, రంగులూడి, చక్రములు పోయిన బొమ్మ లారీలను తెచ్చి బాగుచేయుదురు. ఇది పిల్లల ఆటగదా యని కొట్టివేయువారు ముందుగా ఒక చిన్న లెక్క వేసి చూడవలెను.

నమూనాకు ప్రాణము నిష్పత్తి. ఇరువదినాలుగింట ఒకటవ వంతు, అనగా 1:24 ప్రమాణమున కట్టదలచినచో అసలు లారీలోని ప్రతి అడుగును నమూనాలో అర అంగుళమగును. ఇరువదినాలుగు అడుగుల లారీ పండ్రెండు అంగుళములలో ఇముడును. ఇంతవరకు సులభమే. పొడవు, వెడల్పు, ఎత్తు మూడును ఇరువదినాలుగేసి రెట్లు తగ్గుటచేత ఘనపరిమాణము 13,824 రెట్లు తగ్గును. పదిటన్నుల లారీని అవే లోహములతో అదే పాళ్ళలో చేయగలిగినచో దాని తూకము ముప్పాతిక కిలోకు కొంచెము తక్కువగా నుండును. కాని అట్లు చేయుట మానవసాధ్యము కాదు. అసలు క్యాబిన్ రేకు దళసరి 1.2 మిల్లీమీటర్లనుకొన్నచో నమూనాలో అది మిల్లీమీటరులో ఇరువదవ వంతు కావలెను. అది పలుచని కాగితము పాటి దళసరి. వ్రేలు తాకిన నలిగిపోవును. కనుక నేర్పరి దళసరి రేకునే వాడి, కంటికి కనబడు అంచులను మాత్రము ఆకురాయితో పలుచన చేసి, చూపరిని నమ్మించును. అనగా నమూనా నిజము చెప్పుటకు అక్కడక్కడ అబద్ధమాడక తప్పదు. ఏ అబద్ధము తగును, ఏది తగదు అను విచారమే ఈ వ్యాసంగములోని అసలు విద్య.

రంగు విషయము మరింత చిత్రమైనది. నమూనాపై వేసిన రంగుపూత మిల్లీమీటరులో ఇరువదవ వంతు దళసరి యున్నను, పెద్ద లారీ లెక్కలో అది 1.2 మిల్లీమీటర్ల పూతతో సమానము. తలుపునకును చట్రమునకును నడుమ అసలు లారీలో ఐదు మిల్లీమీటర్ల సందు ఉన్నచో నమూనాలో అది మిల్లీమీటరులో అయిదవ వంతు. రెండు మూడు పూతలు ఒత్తుగా పడినంతనే ఆ సందు పూడిపోయి, తలుపు గోడయగును. క్రొత్తగా నేర్చువారి నమూనాలు బొమ్మలవలె కనిపించుటకు కారణము కొలతలు తప్పుటకంటె రంగు బలియుటయే యనవచ్చును.

ఈ చిన్న లారీల కథకు మొదటి చోటు ఇంగ్లండులోని లివర్‌పూల్ నగరము. ఫ్రాంక్ హార్న్‌బీ అను నతడు రంధ్రములు గల లోహపు పట్టీలను మరమేకులతో బిగించి యంత్రముల నమూనాలు కట్టుకొను సాధనమునకు 1901లో పేటెంటు పొందెను. తరువాత మెకానో అను పేరుతో అది లోకమంతట వ్యాపించెను. అతని కర్మాగారమే బొమ్మ రైళ్ళను కూడ చేయుచుండెను. రైలు ఉన్న తరువాత స్టేషను ముంగిట బండ్లు ఉండవలెను గదా. ఆ కొరత తీర్చుటకు 1933 చివర ఆరు చిన్న వాహనముల సముదాయమొకటి వెలువడెను: రెండు కార్లు, ఒక లారీ, ఒక సరకుల వ్యాను, ఒక ట్రాక్టరు, ఒక యుద్ధ టాంకు. మరుసటి సంవత్సరము వానికి డింకీ టాయిస్ అను పేరు వచ్చెను. రైలుబొమ్మకు తోడుగా పుట్టిన లారీ తనంతట తాను నిలువగలుగుటకు ఎక్కువకాలము పట్టలేదు. యుద్ధానంతరము 1947లో సూపర్ టాయిస్ అను పేరుతో పెద్ద తరగతి లారీలు వచ్చినవి. వానిలో ఎనిమిది చక్రముల ఫోడెన్ లారీ ప్రసిద్ధము. ఏడున్నర అంగుళముల ఆ బొమ్మ నేటికిని జీర్ణోద్ధారకుల బల్లలపై ఎక్కువగా కనిపించు వస్తువులలో నొకటి.

లండన్‌లో లెస్నీ అను చిన్న సంస్థ 1947లో వెలసెను. అందలి భాగస్వామి జాక్ ఒడెల్ కుమార్తె చదువు బడిలో, అగ్గిపెట్టెలో పట్టునంతటి బొమ్మనే తేవలెనని నియమముండెనట. తండ్రి ఒక రోడ్డు రోలరును అగ్గిపెట్టెకు సరిపడునట్లు చేసి ఇచ్చెను. దానినుండియే 1953లో మాచ్‌బాక్స్ వరుస పుట్టెను. ఆ వరుసలో మొదటిది రోలరే. దాని వెన్వెంటనే మట్టిని కుమ్మరించు డంపు లారీ వచ్చెను. బడి నియమము వలన ఒక పరిశ్రమ పుట్టుట అరుదైన సంగతి.

ఈ సంస్థలేవియు ఇప్పుడు ఆ రూపమున లేవు. లివర్‌పూల్ కర్మాగారము 1979 నవంబరులో మూతపడెను. లెస్నీ 1982లో దివాలాతీసెను. డింకీ అచ్చులలో కొన్ని అంతకుముందే, 1960ల చివర, కలకత్తాకు చేరి, వానితో అక్కడ నిక్కీ టాయిస్ అను పేరున బొమ్మలు పోయబడినవి. అవి ఎక్కువగా కార్లు. అరిగిన అచ్చులలో పోసినవగుటచే అంచులు మొద్దుబారి, రంగు ముతకగా నుండును. ఒకప్పుడు చులకనగా చూడబడిన వానినే ఇప్పుడు విదేశములవారు వెదకి కొనుచున్నారు.

పాత బొమ్మను చేతబట్టినప్పుడు మొట్టమొదట చూడవలసినది రంగు కాదు, లోహము. ఈ లారీలు యశదముతో, అనగా జింకుతో, నూటికి నాలుగు పాళ్ళు అల్యూమినియము కలిపి అచ్చులలో పోసినవి. ఈ మిశ్రమము సన్నని వివరములను చక్కగా పట్టును. కాని దానికొక శత్రువున్నది. సీసము, తగరము, కాడ్మియము రవంత కలిసినను ఆ లోహమునకు లోపల పురుగు పట్టినట్లగును. సీసము లక్షపాళ్ళలో ఐదుపాళ్ళు దాటరాదను కట్టుబాటు నేడున్నది. యుద్ధమునకు పూర్వపు పోతలలో అంతటి శుద్ధి ఎల్లప్పుడును లేదు. తొలినాటి డింకీలు కొన్ని సీసముతోనే పోయబడినవి గనుక, ఆ సీసపు తునక ఒకటి జింకు కొలిమిలో పడుట అసంభవము కాదు. మాలిన్యము గల పోతలో లోహపు రేణువుల నడుమ గల సందులవెంబడి, గాలిలోని తేమ వలన, క్షయము ప్రాకును. క్షయించిన పదార్థము ఎక్కువ చోటు ఆక్రమించుటచే బొమ్మ ఉబ్బును, వంగును, చర్మము పగిలినట్లు బీటలు వారును, తుదకు బిస్కత్తువలె రాలిపోవును. దీనికి మందు లేదు. రంగు తీసి తిరిగి పూసినంతమాత్రమున ఆగదు. పొడిగా, చల్లగా దాచుట ఒక్కటే వేగము తగ్గించును. కృష్ణా గోదావరి జిల్లాల ఉక్కపోత ఇట్టి లోహమునకు ఎంతమాత్రము హితము కాదు. అందుచేత అడుగుభాగమున సాలెగూటివంటి బీటలు కనిపించిన బొమ్మపై నెలరోజుల శ్రమ పెట్టువాడు, చెదలు తినిన దూలమునకు వార్నిషు పూయువానితో సమానుడు.

లోహము గట్టిదని తేలిన పిమ్మట పని మొదలగును. డింకీ లారీ అడుగుపట్టీని బిగించిన రివెట్టులు బొమ్మలోనే పోసిన చిన్న కంబములు. వాని తలలను నలగగొట్టి పరచియుందురు. ఆ తల యంతవరకే సన్నని డ్రిల్లుతో తొలచి తీయవలెను. తొందరపడినచో కంబమే విరుగును. పట్టీ ఊడిన తరువాత లోపలి వైపు చూడవలెను. వెలుతురు సోకని ఆ మూలలలో తొలిరంగు చెక్కుచెదరక నుండును. ఆ రంగును పగటి వెలుగున పోల్చి వ్రాసికొనక ముందు ఒక్క చుక్క ద్రవమైనను పోయరాదు. పైభాగపు రంగు డెబ్బది సంవత్సరముల ఎండకు వెలిసియుండును. దానిని నమ్మి రంగు కలిపినవాడు వెలిసిన లారీకి వెలిసిన రంగే క్రొత్తగా పూయును.

రంగు తీయుటకు కాస్టిక్ సోడా వాడుదురని విని అట్లే చేసినవారు బొమ్మను పోగొట్టుకొనిరి. కాస్టిక్ సోడా రంగును తినును. అల్యూమినియమును, జింకును కూడ తినును. బట్టల సోడా వేడినీటిలో కరగించి నానబెట్టుట మెల్లని పని గాని మేలైన పని. అంగడిలో దొరకు తీవ్రమైన ద్రవములలో డైక్లోరోమీథేన్ ఉండెడిది. దాని ఆవిరి ప్రాణాంతకమని అమెరికాలో ఇండ్లలో వాడుకకు అట్టివాని అమ్మకమును 2019లో నిషేధించిరి. అంతకంటె ముఖ్యమైన హెచ్చరిక మరియొకటి గలదు. పాతకాలపు రంగులలో సీసముండెడిది. గరుకు కాగితముతో పొడిగా రుద్దినచో ఆ ధూళి ఊపిరితిత్తులకు చేరును. బల్లపై, బట్టలపై నిలిచి ఇంటిలోని పసిపిల్లల నోటికి చేరును. నీటితో తడిపియే రుద్దవలెను; ఆ నీటిని, ఆ గుడ్డలను వంటయింటి తూములో కలుపరాదు. పిల్లల బొమ్మను బాగుచేయుచు పిల్లలకు విషము పెట్టుట కంటె విపరీతము లేదు.

తరువాతి మెట్లు త్వరగా చెప్పవచ్చును. వంగిన చోట్లు సరిచేసి, గుంటలు లప్పముతో పూడ్చి, లోహమును పట్టి నిలుచు ప్రైమరు పలుచగా వేసి, ఆరిన పిమ్మట రంగును పొగమంచువలె కొద్దికొద్దిగా చిమ్మవలెను. కొండపల్లి బొమ్మ చేయువారు తెల్లపొణికి కొయ్యతో అవయవములు వేరువేరుగా చెక్కి, చింతగింజల పిండియు రంపపు పొట్టును కలిపిన మక్కుతో అతికి, అతుకు కనబడకుండ చేయుదురు. లప్పము వాడుటలోని కిటుకు అదియే: పూడ్చినది కనబడరాదు, పూడ్చనిది కప్పబడరాదు. ఎండి బీటవారిన రబ్బరు టైర్లకు బదులుగా క్రొత్తవి అమ్ముచున్నారు. అక్షరములు, చిహ్నములు నీటిలో నానవేసి అంటించు పలుచని పొరలుగా దొరకును. తుదకు అడుగుపట్టీని తిరిగి బిగించుటకు కంబములో చిన్న రంధ్రము తొలిచి మరమేకు వేయుదురు.

ఈ మరమేకు దగ్గరనే వివాదము మొదలగును. మరమేకు కనిపించినచో బొమ్మ విప్పబడినదని ఎవరికైనను తెలియును. కొందరు దానిని దాచుటకు దొంగ రివెట్టు తల అమర్చుదురు. చూపునకు ముచ్చటగా నుండవలెనని చేయువారున్నారు. అసలుదని నమ్మించి ఎక్కువ వెలకు అమ్ముటకు చేయువారును ఉన్నారు. చేసినపని ఒక్కటే, ఉద్దేశములు వేరు. కొన్నవానికి ఆ భేదము పైకి తెలియదు. సంగ్రహకర్తలు ఇందుకై మూడు తరగతులు ఏర్పరచుకొనిరి. కర్మాగారము నుండి వచ్చినది వచ్చినట్లున్నది మొదటిది. కర్మాగారము అనుమతితో ఇతరులు మార్చినది రెండవది. ఏ అనుమతియు లేక ఎవరో తమ చేతితో మార్చినది మూడవది. మూడవ తరగతిది హీనమని కాదు. అది మూడవ తరగతిదని చెప్పకపోవుటయే దోషము.

అసలు బాగుచేయవలెనా అను ప్రశ్న అంతకంటె లోతైనది. సగము రంగు పోయిన ఫోడెన్ లారీ నొకదానిని ఊహింపుడు. ముందు రెక్కపై రంగు లేదు, ఏలననగా ఆ చోట పసివాని బొటనవ్రేలు ప్రతిదినము ఆనెను. వెనుక తొట్టి అంచు గీతలు పడియున్నది, ఏలననగా అందులో గులకరాళ్ళు మోసిరి. ఆ గుర్తులన్నియు ఒక బాల్యము వ్రాసిన వ్రాత. రంగు తీసినంతనే ఆ వ్రాత శాశ్వతముగా చెరగును. గుడిగోడలపై శిల్పములకు ఏటేట సున్నము కొట్టి కన్నుముక్కు తెలియకుండ చేసిన భక్తుల నెందరినో ఈ దేశము చూచినది. వారి భక్తిని శంకింపలేము, శిల్పము మాత్రము కనబడదు. అందుచేత సగమునకు మించి తొలిరంగు నిలిచియున్న బొమ్మను తుడిచి దాచుటయే న్యాయము. ధర విషయమున చూచినను, గీతలు పడిన అసలు రంగునకు గల విలువ నిగనిగలాడు క్రొత్త రంగునకు సాధారణముగా రాదు. చక్రములు పోయి, క్యాబిన్ విరిగి, ఇంటి సున్నపు రంగు ఎవరో పూసి పాడుచేసిన బొమ్మల సంగతి వేరు. వానికి పోగొట్టుకొనుటకు మిగిలినదేమియు లేదు. జీర్ణోద్ధారకుని చేయి తగలవలసినది వానికే. అట్టి బొమ్మ అడుగున, లోపలివైపు, బాగుచేసిన సంవత్సరమును, మార్చిన భాగములను సూదితో చిన్నగా చెక్కుట ఉత్తమ జీర్ణోద్ధారకుల ఆచారము. బయటికి కనబడదు, విప్పినవానికి దాగదు.

పాతవానిని బాగుచేయుట యట్లుండగా, క్రొత్తగా కట్టువారికి ప్లాస్టిక్ భాగముల పెట్టెలు దొరకును. అమెరికాలో ఏ.ఎమ్.టి. అను సంస్థ 1:25 ప్రమాణమున, ఇటలీలో ఇటలేరి 1:24 ప్రమాణమున లారీల పెట్టెలు వెలువరించినవి. జపానులోని తామియా సంస్థవారి 1:14 లారీలు మోటారుతో, రేడియో ఆజ్ఞలతో నడచును. పెట్టెలోని భాగములు పాలీస్టైరీన్ అను ప్లాస్టిక్‌తో చేసినవి. వానిని అతికించు ద్రవము నిజమునకు జిగురు కాదు. ప్లాస్టిక్‌ను కొంచెము కరిగించి రెండు ముక్కలను ఒకటిగా చేయును. చుక్క ఎక్కువైనచో వివరములు కూడ కరుగును.

ఇట్టి పెట్టెలు రెండు ప్రక్కప్రక్కన పెట్టి చూచిన బాలునికి ఒక సందేహము కలుగును. అమెరికా పీటర్‌బిల్ట్ లారీకి ముందు అంత పొడవైన బానెట్ ఏల? ఐరోపా లారీలకు ముక్కే లేదేల? జవాబు చట్టములో నున్నది. ఐరోపాలో లారీ, ట్రెయిలరు కలిసిన మొత్తము పొడవునకు హద్దు ఉన్నది; ఇంజను ముందుకు పొడుచుకొని వచ్చినచో సరకునకు చోటు తగ్గును. కావున డ్రైవరును ఇంజను పైన కూర్చుండబెట్టిరి. అమెరికాలో 1982 నాటి చట్టము ముఖ్య రహదారులపై రాష్ట్రములు మొత్తము పొడవునకు హద్దు విధింపరాదని శాసించెను. అందుచేత అక్కడ పొడవైన బానెట్ బ్రదికినది. బొమ్మ లారీ ముక్కును చూచి ఒక దేశపు శాసనమును చదువవచ్చునన్నమాట.

ఇక తెలుగునాటి లారీకి వచ్చినచో పెట్టెయు లేదు, పటమును లేదు. అందుకు తగిన కారణమున్నది. టాటావారు జర్మనీలోని డైమ్లర్ బెంజ్ వారితో కలిసి 1954 మొదలు జంషెడ్‌పూర్‌లో లారీలు చేయసాగిరి. ఆ ఒప్పందము 1969లో ముగిసెను. అయితే కర్మాగారము నుండి చాలాకాలము వచ్చినది చాసిస్, ఇంజను, ముందు ముఖము మాత్రమే. క్యాబిన్‌ను, తొట్టిని కొన్నవాడు తన ఊరి దగ్గర కట్టించుకొనవలెను. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల వడ్రంగి కొయ్యచట్రము కోసెను, కమ్మరి ఇనుప పట్టీలు వంచెను, రేకుపనివాడు రేకు తొడిగెను, పెయింటరు నుదుటిపై దేవుని పేరును, వెనుక తలుపుపై తనకు నచ్చిన పూలను వ్రాసెను. ఒక షెడ్డులో కట్టిన క్యాబిన్ మరియొక షెడ్డు క్యాబిన్ వలె నుండదు. ఈ పనికి కాగితముపై గీసిన పటము అరుదు. కొలతలు మేస్త్రీ చేతిలోను, అతని సుద్దముక్కలోను ఉండెను. కర్మాగారమునుండియే పూర్తి క్యాబిన్‌తో వచ్చు లారీలు హెచ్చుటతో ఆ కొయ్య క్యాబిన్లు పాత ఇనుము అంగళ్ళకు పోయి ముక్కలగుచున్నవి. బెంజ్ లారీ ఇంజను ఎట్టిదో చెప్పు పుస్తకము ఎక్కడైనను దొరకును. కృష్ణా జిల్లా వడ్రంగి కట్టిన క్యాబిన్‌లో డ్రైవరు వెనుక పడుకొను బల్ల ఎంత వెడల్పో చెప్పు పుస్తకము దొరకదు.

ఇక్కడ నమూనాకారుని పని వినోదమునకు మించినదగును. అతడు కొలిచి కట్టిన లారీయే రేపు ఆ పనితనమునకు మిగులు సాక్ష్యము కావచ్చును. సాక్షి ఊహించి చెప్పరాదు. అందుచేత నమూనాతో బాటు ఒక కాగితముండవలెను: ఏ కొలత టేపుతో తీసినది, ఏది ఛాయాచిత్రము చూచి లెక్కకట్టినది, ఏది ముసలి మేస్త్రీ నోట విన్నది, ఏది కేవలము ఊహ. ఆ కాగితము లేని నమూనా ఎంత అందముగా నున్నను అందులో నిజమెంతయో ఎవరును తేల్చలేరు. ఇట్టి కాగితములు దాచుటకు గ్రామ గ్రంథాలయపు బీరువాలో ఒక అర చాలును.

పనికి పెద్ద సాధనములు అక్కరలేదు. ఒక టేపు, ఒక నోటుపుస్తకము, టేపు రెండవ కొస పట్టుకొనుటకు ఒక తోడు కావలెను. ముందుగా ఇరుసుల నడిమి దూరము, టైరు ఎత్తు కొలువవలెను. తక్కిన కొలతలేవి తప్పినను వీనితో పోల్చి దిద్దుకొనవచ్చును. తరువాత తొట్టి ప్రక్కపలకలెన్ని, ఒక్కొక్క పలక వెడల్పెంత, టార్పాలిన్ త్రాళ్ళు కట్టు కొక్కెములు ఎన్నేసి అంగుళములకొకటి, క్యాబిన్ తలుపు ఏ వైపునకు తెరచుకొనును, అద్దము పైకి జరుగునా ప్రక్కకు జరుగునా అనునవి వరుసగా వ్రాసికొనవలెను. ఛాయాచిత్రము తీయునప్పుడు ఒక గజము బద్దను లారీకి ఆనించి నిలుపవలెను. డ్రైవరును అడిగి, లారీ ఖాళీగా నున్నదో బరువుతో నున్నదో తప్పక గుర్తించవలెను. బరువు మీద కమాను కట్టలు క్రుంగును, చాసిస్ ఎత్తు కొలత మారిపోవును.